ఇతరులు పెట్టిన ఫోటోను మార్చేటప్పుడు: ఉమ్మడి వెబ్‌సైట్లలో పాటించవలసిన పద్ధతి

వికీపీడియా వంటి ఉమ్మడి వెబ్‌సైట్లలో ఒక వాక్యాన్ని సవరిస్తే దాన్ని రాసినవారు చాలావరకు పట్టించుకోరు. ఫోటోను తీసేస్తే మాత్రం మనసు కష్టపెట్టుకుంటారు. వాక్యం నలుగురి చేతుల్లో నలిగేదేనని అందరికీ తెలుసు. ఫోటో అలా కాదు. వెలుతురు కోసం ఎదురుచూసి, దాన్ని తీసి, తన పేరు మీద ఎక్కించిన మనిషి ఒకరు దాని వెనుక ఉంటారు. అయితే పేజీ ఎవరి సొత్తూ కాదు కాబట్టి, మెరుగైన ఫోటో దొరికినప్పుడు పాతదాన్ని మార్చడం తప్పు కాదు సరికదా, చాలాసార్లు అవసరం కూడా. ఆ మార్పును ఎవరికీ అన్యాయం జరగకుండా, పేజీకి నష్టం కలగకుండా, రేపు ఎవరైనా అడిగితే సమాధానం చెప్పగలిగేలా ఎలా చేయాలో ఇక్కడ వరుసగా చూద్దాం.

పనిలోకి దిగేముందు ఒక తేడా తెలియాలి. ‘ఫోటో మార్చడం’ అని మనం ఒకే మాటతో చెప్పే పనులు నిజానికి మూడు. పేజీలో ఒక ఫైలు పేరు తీసి మరో ఫైలు పేరు పెట్టడం మొదటిది. ఫైలు పేరును అలాగే ఉంచి, దాని లోపలి బొమ్మను మార్చేయడం, అంటే పాత ఫైలు మీద కొత్త ఫైలును ఎక్కించడం, రెండోది. అనేక పేజీలు ఒకేచోటి నుంచి ఫోటోను తీసుకుంటున్నప్పుడు ఆ మూలస్థానంలో ఎంపికను మార్చడం మూడోది. మొదటిదాన్ని ఒక్క నొక్కుతో రద్దు చేయవచ్చు. రెండోదానితో ఇతరుల హక్కులకే భంగం కలగవచ్చు. మూడోదాని ప్రభావం మీరు ఎన్నడూ తెరవని పేజీల మీద కూడా పడుతుంది. గొడవల్లో ఎక్కువ భాగం ఈ మూడింటినీ ఒకే గాట కట్టడం వల్లనే వస్తాయని నా అభిప్రాయం.

మొదటి అడుగు: పాత ఫోటో ఏ పని చేస్తోందో తెలుసుకోవడం

‘ఈ ఫోటో బాగాలేదు’ అన్న మాట దగ్గర ఆగిపోకుండా, అది ఆ స్థానంలో ఏ పని కోసం ఉందో చూడాలి. వ్యాసం మొదట్లోని సమాచార పెట్టెలో ఉన్న ఫోటో, పాఠకుడు సరైన పేజీకే వచ్చాడని ఒక్క చూపులో చెప్పడానికి ఉంటుంది. మధ్య విభాగంలోని ఫోటో పక్కనున్న పేరాను వివరించడానికి ఉంటుంది. గ్యాలరీలోనిది వైవిధ్యాన్ని చూపడానికి ఉంటుంది. మసకగా ఉన్నప్పటికీ తన పనిని సరిగ్గా చేస్తున్న ఫోటోను తీసి, మిలమిల మెరుస్తూ ఆ పని చేయలేని ఫోటోను పెట్టడం మెరుగుదల అనిపించుకోదు.

ఇది నేను తప్పు చేసి నేర్చుకున్న సంగతి. ఒక పాత గడియార స్తంభం గురించిన వ్యాసంలో బూడిదరంగు ఆకాశం కింద తీసిన నీరసమైన ఫోటో ఒకటి ఉండేది. నేను సాయంకాలపు వెలుగులో తీసిన ఫోటోను దాని స్థానంలో పెట్టి తృప్తిగా నిద్రపోయాను. రెండు రోజుల తరువాత ఒక వాడుకరి నా చర్చా పేజీలో (ఇతరులు సందేశాలు రాసే పేజీలో) మర్యాదగా ఒక ప్రశ్న వేశారు: ‘పక్క పేరాలో, బొమ్మలో ఎడమవైపు కనిపించే గుర్రపునాడా ఆకారపు మెట్లు అని రాసి ఉంది; కొత్త ఫోటోలో ఆ మెట్లు ఎక్కడ ఉన్నాయి?’ ఎక్కడా లేవు. నేను ఎంచుకున్న కోణంలో అవి స్తంభం వెనక్కి పోయాయి. పాత ఫోటో తీసినవారు ఆ మెట్ల కోసమే అటువైపు నిలబడి ఉంటారన్న ఆలోచన నాకు రాలేదు. పక్క పేరాను పూర్తిగా చదవకుండానే ఫోటో మార్చానని ఒప్పుకొని, పాతదాన్ని తిరిగి పెట్టాను.

కాబట్టి ఫోటో చుట్టూ ఉన్న పేరాలను, బొమ్మ కింది వ్యాఖ్యను, వీలైతే మొత్తం వ్యాసాన్ని చదవాలి. ‘పై బొమ్మలో’, ‘కుడివైపున’ వంటి మాటలు ఎక్కడైనా ఉన్నాయేమో వెతకాలి. ఇది ఐదు నిమిషాల పని.

రెండో అడుగు: అది అక్కడికి ఎలా వచ్చిందో చూడటం

పేజీ చరిత్రను, చర్చా పేజీని తెరవాలి. ఆ ఫోటో ఏనాడో ఒకరు యాదృచ్ఛికంగా పెట్టినదైతే మీకు స్వేచ్ఛ ఎక్కువ. నాలుగు ఫోటోలను పక్కపక్కన పెట్టి, పదిమంది చర్చించి ఎంచుకున్నదైతే, ఆ చర్చను పట్టించుకోకుండా మార్చడం వారి సమయాన్ని అవమానించడమే అవుతుంది. జీవించి ఉన్న వ్యక్తుల వ్యాసాల్లో, వివాదాస్పద విషయాల వ్యాసాల్లో మొదటి ఫోటోపై ఇలాంటి చర్చలు జరగడం మామూలే. కొన్నిసార్లు పేజీ కోడ్‌లోనే, పాఠకుడికి కనిపించని విధంగా, ‘చర్చించకుండా ఈ బొమ్మను మార్చవద్దు’ అని రాసి ఉంటుంది. కోడ్ చూడకుండా దృశ్య ఎడిటర్లో పనిచేసేవారు దాన్ని దాటిపోయే ప్రమాదం ఉంది.

ఫైలు పేజీని కూడా ఒకసారి చూడాలి. అన్ని భాషల వికీపీడియాలకూ ఉమ్మడి ఫోటోల భాండాగారమైన వికీమీడియా కామన్స్‌లో ప్రతి ఫైలు పేజీలోనూ అది ఏయే వికీల్లో, ఏయే పేజీల్లో వాడుకలో ఉందో చెప్పే జాబితా ఉంటుంది. ఆ ఫోటోకు ‘నాణ్యమైన చిత్రం’, ‘విలువైన చిత్రం’, ‘విశేష చిత్రం’ వంటి గుర్తింపు ఉంటే అదీ అక్కడే కనిపిస్తుంది. గుర్తింపు ఉన్నంత మాత్రాన మార్చకూడదని కాదు. ‘నాణ్యమైన చిత్రం’ అన్నది ప్రధానంగా సాంకేతిక నైపుణ్యాన్ని చూసి ఇచ్చేది. కనీసం 2 మెగాపిక్సెళ్ళ పరిమాణం ఉండాలన్నది దానికి ఉన్న నియమాల్లో ఒకటి. ‘విలువైన చిత్రం’ మాత్రం ఫలానా విషయాన్ని చూపడంలో ఉన్నవాటిలో మేలైనదని తోటి వాడుకరులు పోల్చి చూసి నిర్ణయించినది. రెండోదాన్ని మార్చాలంటే మీ వద్ద గట్టి కారణం ఉండాలి.

మూడో అడుగు: రెండు ఫోటోలనూ నిజాయితీగా పోల్చడం

మీ ఫోటోను మీరు చూసే చూపు వేరు. దాన్ని తీసిన క్షణం, పడిన శ్రమ, కెమెరా ఖరీదు అన్నీ అందులో మీకు కనిపిస్తాయి. పాఠకుడికి వాటిలో ఒక్కటీ కనిపించదు. అందుకే కొత్త ఫోటో మీ సొంతమైనప్పుడు కొలమానాన్ని కావాలనే కాస్త కఠినంగా పెట్టుకోవాలి. నేను నాకు విధించుకున్న ప్రశ్న ఒకటి ఉంది: ఈ రెండు ఫోటోలూ ముక్కూమొహం తెలియనివారు తీసినవైతే, ఇవాళ ఈ మార్పు చేయడానికి కూర్చునేవాడినా? సమాధానం ‘బహుశా’ అయితే మార్చను. ‘దాదాపు సమానం’ అనిపించినప్పుడు పాతదే ఉండాలి. సమానమైనవాటిని అటూ ఇటూ మార్చడంతో పేజీకి ఒరిగేదేమీ లేదు, ఒక మనిషి నొచ్చుకోవడం తప్ప.

పోల్చేటప్పుడు పెద్ద తెర నిండా తెరిచి చూడటం సరిపోదు. పాఠకుడు ఫోటోను చూసేది చిన్న నమూనాగా, ఎక్కువమంది ఫోను మీద. అందువల్ల రెండింటినీ పేజీలో కనిపించే పరిమాణంలోనే పక్కపక్కన పెట్టి చూడాలి. విశాలమైన లోయ మధ్యలో చిన్నగా కనిపించే కట్టడం పెద్ద తెర మీద అద్భుతంగా ఉంటుంది. రెండంగుళాల బొమ్మలో అది ఒక చుక్క. ఫ్రేము నిండా కట్టడం ఉన్న సాదా ఫోటో అక్కడ గెలుస్తుంది. రంగుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. అతిగా దిద్దిన ఆకాశం, సహజం కాని పచ్చదనం కళ్ళను ఆకర్షిస్తాయి కానీ విజ్ఞాన సర్వస్వంలో అవి అబద్ధం చెబుతాయి. మనుషుల ఫోటోల్లో ముఖం పాఠ్యం వైపు తిరిగి ఉంటే బాగుంటుందన్న సూచన ఆంగ్ల వికీపీడియా శైలి నియమాల్లో ఉంది. అలాగని ఫోటోను అద్దంలో ప్రతిబింబంలా తిప్పి పెట్టకూడదని కూడా అక్కడే చెబుతారు. ఎడమ చెంప మీది పుట్టుమచ్చ కుడి చెంపకు వెళ్ళడం ఎవరికీ సమ్మతం కాదు కదా.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఫోటోలో ఉన్నది మనం అనుకుంటున్నదేనా అన్న ప్రశ్న. దీన్ని దగ్గరగా చూపడానికి సీతాకోకచిలుకలను మించిన ఉదాహరణ లేదు. డానాస్ క్రిసిప్పస్ అనే నారింజరంగు సీతాకోకచిలుక ఉంది. పక్షులకు అది రుచించదు. హైపోలిమ్నాస్ మిసిప్పస్ అనే మరో జాతిలోని ఆడది అచ్చంగా దాని వేషం వేసుకొని పక్షుల నుంచి తప్పించుకుంటుంది. రెండింటికీ నారింజ రెక్కలు, నల్లని కొసలు, తెల్లని మచ్చలు ఉంటాయి. తేడా వెనుక రెక్కల్లో ఉంది: మొదటిదానికి రెక్క మధ్యభాగంలో మూడు నాలుగు నల్లచుక్కలు ఉంటాయి, వేషధారికి ఆ చుక్కల గుంపు ఉండదు. ఇప్పుడు మొదటి జాతి పేజీలో, కాస్త చిరిగిన రెక్కలతో, కానీ ఆ చుక్కలు లెక్కపెట్టగలిగేలా ఉన్న ఫోటో ఉందనుకోండి. దాని స్థానంలో, పువ్వు మీద సగం ముడుచుకున్న రెక్కలతో, వెనుక రెక్క మధ్యభాగం కనబడని అందమైన ఫోటో పెడితే ఏమవుతుంది? ఫోటో సరైన జాతిదే అయినా, పేజీ చూసి గుర్తుపట్టాలని వచ్చినవారికి దారి మూసుకుపోతుంది. ఒకవేళ అది వేషధారిదే అయితే నష్టం ఇంకా పెద్దది. ఆ ఫోటోతో పోల్చి మరికొందరు తప్పుగా గుర్తిస్తారు, ఆ తప్పు గొలుసులా సాగుతుంది.

తాము చూసిన జీవుల ఫోటోలను సభ్యులు పెట్టి, కలిసి జాతిని గుర్తించే వెబ్‌సైటు ఐనాచురలిస్ట్. 2008లో మొదలైన అందులో ఈ సమస్య మరింత సూటిగా ఎదురవుతుంది. అక్కడ ఒకరి పరిశీలనలోని ఫోటోలను మరొకరు మార్చలేరు. జాతి పేజీలో ముందు కనిపించే ఫోటోల ఎంపికను మాత్రం సభ్యులు మార్చగలరు, గుర్తింపు సూచనల పక్కన చిన్నగా కనిపించేదీ ఆ మొదటి ఫోటోయే. అక్కడ మర్యాద ఏమిటంటే, కొత్తదాన్ని ముందుకు తెచ్చినా పాతదాన్ని జాబితాలోంచి తీసేయకుండా తరువాతి స్థానంలో ఉంచడం. మగ, ఆడ, గొంగళిపురుగు, రెక్కల పైభాగం, అడుగుభాగం వంటి వేర్వేరు రూపాలను చూపే ఫోటోలను తీసేసి, ఒకే రూపాన్ని అన్ని కోణాల్లో చూపే తన ఫోటోలతో వరుసంతా నింపడం ఆ పేజీని వ్యక్తిగత ఆల్బమ్‌గా మార్చడమే.

నాలుగో అడుగు: మార్చాలా, చేర్చాలా?

నా అనుభవంలో ‘మార్చాలి’ అనుకున్న సందర్భాల్లో సగం ‘చేర్చితే చాలు’ అన్నవే. కొత్త ఫోటో వేరే కాలాన్నో, వేరే కోణాన్నో, వేరే దశనో చూపుతుంటే దానికి వ్యాసంలో మరో చోటు దొరకవచ్చు. పాత ఫోటో 20 ఏళ్ళ నాటిదైతే అది పనికిరానిది కాదు. ఇప్పుడు అది చరిత్ర. కట్టడానికి తరువాత రంగులు వేసి ఉంటే, కొత్త ఫోటోను సమాచార పెట్టెలో పెట్టి, పాతదాన్ని మరమ్మతుల గురించి చెప్పే పేరా పక్కకు జరపడం ఇద్దరికీ గౌరవం. వ్యాసం మరీ చిన్నదై, రెండు ఫోటోలకు చోటు లేనప్పుడు మాత్రమే ఒకదాన్ని వదులుకోవాలి. అలాగని, ఎవరినీ నొప్పించకూడదన్న మొహమాటంతో ప్రతి ఫోటోనూ ఉంచేసి, మూడు పేరాల వ్యాసాన్ని ఎనిమిది బొమ్మలతో నింపడం పాఠకుడికి చేసే అపచారం.

ఐదో అడుగు: ఫైలు మీద ఫైలు ఎక్కించకపోవడం

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మంచి ఉద్దేశంతోనే ఘోరమైన పొరపాట్లు జరిగేది ఇక్కడే. కామన్స్ ఫైలు పేజీలో, కింద చరిత్ర భాగంలో, ఈ ఫైలుకు కొత్త వెర్షన్ ఎక్కించండి అన్న అర్థమిచ్చే లంకె ఒకటి ఉంటుంది. దాన్ని చూసి, ‘ఇదే స్థలం నాదగ్గర ఇంకా బాగా ఉంది, ఇందులోనే ఎక్కిస్తే అన్ని పేజీల్లోనూ దానంతట అదే మారిపోతుంది’ అని కొందరు అనుకోవడం సహజం. మారిపోతుంది, నిజమే. సమస్యంతా అదే.

మొదటి చిక్కు హక్కులది. ఫైలు పేజీలో రాసి ఉన్న రచయిత పేరు, తేదీ, లైసెన్సు పాత ఫోటోకు సంబంధించినవి. లోపలి బొమ్మ మీదైతే, మీ ఫోటో వేరొకరి పేరు మీద, వారు ఇచ్చిన లైసెన్సుతో చలామణీ అవుతుంది. వారు తీయని ఫోటోకు వారు బాధ్యులవుతారు. రెండో చిక్కు కనబడనిది. ఫైలు లోపల మార్పు జరిగినప్పుడు దాన్ని వాడుతున్న వ్యాసాల చరిత్రలో ఏ గుర్తూ పడదు. ఇరవై భాషల్లో ఆ వ్యాసాలను కనిపెట్టుకొని ఉండే వాడుకరుల వీక్షణ జాబితాల్లో ఆ వ్యాసాల పేరిట ఏమీ కనిపించదు. కింది వ్యాఖ్య ‘1987లో తీసిన చిత్రం’ అంటూనే ఉంటుంది, పైన మాత్రం నిన్నటి ఫోటో ఉంటుంది. మూడోది, పాత ఫోటోను ఆ పేరుతోనే బయట వాడుకున్న పుస్తకాలు, వెబ్‌సైట్లు ఉంటాయి. లైసెన్సు సరిచూద్దామని అక్కడి నుంచి వచ్చినవారికి వేరే బొమ్మ ఎదురవుతుంది.

కామన్స్ విధానం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. అదే ఫోటోకు సంబంధించిన చిన్న సవరణలను, అంటే వంకరగా ఉన్న అంచును కొద్దిగా సరిచేయడం, స్వల్పమైన రంగు దిద్దుబాటు, అదే ఫోటో అసలు మూలం నుంచి ఎక్కువ పిక్సెళ్ళతో దొరికితే దాన్ని ఎక్కించడం వంటివాటిని పాత ఫైలు మీద చేయవచ్చు. ఎప్పటికప్పుడు తాజా చేయడానికే ఉద్దేశించిన పటాలు, చార్టులు కూడా దీనికి మినహాయింపే. వేరే ఫోటో, గుర్తించదగినంత కత్తిరింపు, గట్టిగా మార్చిన రంగులు మాత్రం కొత్త ఫైలుగా, కొత్త పేరుతో రావాలి. ఎవరైనా అభ్యంతరం చెబితే చిన్న సవరణనైనా వెనక్కి తీసుకొని విడిగా ఎక్కించడమే పద్ధతి.

కత్తిరింపు గురించి ఒక మాట. గుంపు ఫోటోలోంచి ఒకరి ముఖాన్ని వేరుచేసి వాడుకోవాలనుకోవడం తరచూ ఎదురయ్యే అవసరం. దీనికోసం కామన్స్‌లో క్రాప్‌టూల్ అనే పరికరం ఉంది. అది కత్తిరించిన భాగాన్ని కొత్త ఫైలుగా ఎక్కించగలదు, అసలు రచయిత వివరాలను వెంట తీసుకెళుతుంది, రెండు ఫైళ్ళకూ మధ్య లంకెను ఉంచుతుంది. ఫోటోను మీ కంప్యూటర్లోకి దింపుకొని, కత్తిరించి, మళ్ళీ జేపెగ్‌గా భద్రపరిస్తే ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది. రచయిత పేరు రాయడం మరచిపోయే అవకాశమూ ఉంది. సీసీ బై-ఎస్‌ఏ 4.0 (రచయిత పేరు చెప్పి, అదే షరతులతో పంచుకోవాలనే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు) వంటి లైసెన్సు ఉన్న ఫోటోను మార్చి వాడుకున్నప్పుడు అసలు రచయిత పేరు, లైసెన్సుకు లంకె, మార్పు చేశామన్న సంగతి ఈ మూడూ చెప్పాలి, కొత్త రూపాన్నీ అదే లైసెన్సుతో విడుదల చేయాలి. ఇది లైసెన్సు షరతు కాబట్టి ఇష్టమైతే పాటించే మర్యాదగా దీన్ని తీసుకోకూడదు.

ఆరో అడుగు: మార్పు చేయడం, దాని జాడ వదలడం

ఇంతవరకూ వచ్చాక అసలు మార్పు ఒక్క నిమిషం పని. ఫైలు పేరు మార్చినప్పుడు కింది వ్యాఖ్యను కూడా మార్చాలి. కొత్త ఫోటో ఎక్కడిది, ఎప్పటిది అన్నది అందులో ఉండాలి. చూపు లేనివారికి స్క్రీన్ రీడర్ చదివి వినిపించే ప్రత్యామ్నాయ పాఠ్యం ఒకటి చాలా పేజీల్లో ఉంటుంది. ఎక్కువమంది మరచిపోయేది దీన్నే. ఫలితంగా కొత్త ఫోటో వెనుక పాత ఫోటో వర్ణన ఏళ్ళ తరబడి మిగిలిపోతుంది.

మార్పుతో పాటు దాని కారణం రాసే చోటైన దిద్దుబాటు సారాంశాన్ని ఖాళీగా వదలకూడదు. ‘మంచి ఫోటో’ అని రాయడం ఖాళీగా వదలడం కంటే చెడ్డది, ఎందుకంటే పాతది చెడ్డదన్న అర్థం మాత్రమే అందులో వినిపిస్తుంది. రాయవలసింది ఇలా ఉంటుంది: ‘సమాచార పెట్టెలో ఫోటో మార్పు. పాత ఫోటోలో కట్టడం పైభాగం ఫ్రేములోకి రాలేదు, కొత్తదానిలో మొత్తం కనిపిస్తోంది. పాతదాన్ని మరమ్మతుల విభాగానికి జరిపాను. కొత్త ఫోటో నేను తీసినదే.’ ఇందులో కారణం ఉంది, పాత ఫోటో ఎక్కడికి పోయిందో ఉంది, మీ సొంత ప్రయోజనం ఏమైనా ఉంటే అది దాచకుండా ఉంది. చివరి వాక్యం రాయడానికి కొందరు వెనకాడతారు. మీరు చెప్పకపోయినా ఫైలు పేజీలో మీ పేరు ఉంటుంది. మీరే ముందుగా చెబితే అది నిజాయితీ, ఇతరులు వెతికి చెబితే అది ఆరోపణ.

ఒకేసారి ఇరవై వ్యాసాల్లో మీ ఫోటోలను పెట్టుకుంటూ పోవద్దు. ప్రతి మార్పూ విడిగా సమర్థనీయమే అయినా, వరుసగా చూసినవారికి అది ప్రచారంలా కనిపిస్తుంది. రెండు మూడు మార్చి, వారం ఆగి, స్పందన చూసి ముందుకెళ్ళడం మంచిది. మీకు రాని భాషల వికీపీడియాల్లో మార్చడం మరింత సున్నితమైన పని: అక్కడి వ్యాఖ్యను మీరు చదవలేరు, రాయలేరు. ఆ పని అక్కడివారికి వదిలేయడమే ఉత్తమం.

వికీడేటా గురించి ఇక్కడే చెప్పాలి. 2012లో మొదలైన ఈ ఉమ్మడి సమాచార నిధిలో అంశాలకు ‘చిత్రం’ అనే లక్షణాన్ని చేర్చవచ్చు. దాని సంఖ్య పి18. చాలా వికీల్లోని సమాచార పెట్టెలు తమకంటూ ఫోటో లేనప్పుడు అక్కడి నుంచే తెచ్చుకుంటాయి. అంటే అక్కడ చేసిన ఒక్క మార్పు, మీకు తెలియని అనేక భాషల పేజీల్లో వెంటనే ప్రతిఫలిస్తుంది. అందుచేత పాత విలువను చెరిపి కొత్తది రాయడం కంటే, కొత్త ఫోటోను రెండో విలువగా చేర్చి, అది నిజంగా మేలైనదైతే దానికి ప్రాధాన్య స్థాయిని ఇవ్వడం మర్యాద. ఫోటో తేదీని, వ్యాఖ్యను విలువకు అనుబంధంగా చేర్చే వీలు కూడా ఉంది.

ఏడో అడుగు: ఎప్పుడు ముందుగా అడగాలి?

ప్రతి ఫోటోకూ అనుమతి అడగనవసరం లేదు. చొరవ తీసుకొని మార్చడం వికీ సంస్కృతిలో భాగం. కానీ మొదటి ఫోటో చర్చ ద్వారా నిర్ణయమైనదైనప్పుడు, వ్యాసం వివాదాస్పదమైనప్పుడు, పాత ఫోటో పెట్టినవారు ఆ వ్యాసాన్ని ఏళ్ళుగా చూసుకుంటున్నవారైనప్పుడు, లేదా మీకే నమ్మకం కుదరనప్పుడు ముందు చర్చా పేజీలో రాయాలి. రెండు ఫోటోలనూ పక్కపక్కన చూపించి, ఇలా రాస్తే చాలు:

‘నమస్కారం. ప్రస్తుత ఫోటోలో చెట్టు కొమ్మలు ముఖద్వారాన్ని కొంత కప్పేశాయి. ఆకులు రాలిన కాలంలో తీసిన ఈ రెండో ఫోటోలో ద్వారం పూర్తిగా కనిపిస్తోంది, అయితే వెలుతురు తక్కువ. ఏది మేలంటారు? వారం రోజుల్లో అభ్యంతరాలేవీ రాకపోతే మారుస్తాను. పాతదాన్ని గ్యాలరీలో ఉంచుదామని నా ఆలోచన.’

ఇందులో తన ఫోటో లోపాన్ని తానే చెప్పడం గమనించండి. అలా చెప్పినవారి మాటకు విలువ పెరుగుతుంది. వారం గడిచాక ఎవరూ పలకకపోతే, మౌనాన్ని అంగీకారంగా తీసుకొని మార్చవచ్చు. ఆ తరువాత అభ్యంతరం వస్తే మాత్రం ‘అప్పుడెందుకు చెప్పలేదు’ అని నిలదీయకూడదు. అందరూ రోజూ రాలేరు.

ఫోటోగ్రాఫర్‌కు విడిగా కబురు పెట్టాలా అన్నదానిపై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. నా మట్టుకు, వారు ఇంకా చురుగ్గా ఉన్న వాడుకరి అయితే వారి చర్చా పేజీలో రెండు వాక్యాలు రాస్తాను. అనుమతి కోసం కాదు, కబురు తెలియడం కోసం. అలా రాసినందుకు ఒకసారి, అదే స్థలంలో తాము తీసిన, నా ఫోటో కంటే ఎంతో మెరుగైన మరో ఫోటోను వారే బయటకు తీసి ఎక్కించారు. నాది పక్కకు వెళ్ళింది, పేజీ బాగుపడింది.

ఎనిమిదో అడుగు: మీ మార్పును వెనక్కి తిప్పినప్పుడు

ఎవరైనా పాత ఫోటోను తిరిగి పెడితే మొదటి పని వారి సారాంశాన్ని చదవడం. రెండోది చర్చా పేజీకి వెళ్ళడం. మళ్ళీ మార్చడం ఈ రెండింటిలో లేదు. ఆంగ్ల వికీపీడియాలో ఒకే పేజీలో 24 గంటల్లో మూడుకు మించి తిరుగుసేతలు (ఇతరుల మార్పులను రద్దు చేయడం) చేస్తే నిరోధానికి గురయ్యే, అంటే సవరించే వీలు కోల్పోయే, నియమం ఉంది. అయితే ఆ మూడూ మన హక్కులని అనుకోవడం పొరపాటు. ఒకసారి వెనక్కి తిప్పారంటేనే ఆ ఫోటో విషయంలో ఏకాభిప్రాయం లేదని అర్థం, మాట్లాడవలసిన బాధ్యత మార్పు కోరినవారిదే.

మాట్లాడేటప్పుడు ఫోటోల గురించి మాట్లాడాలి, మనుషుల గురించి కాదు. ‘మీది మసకగా ఉంది’ అనడం కంటే ‘ఈ ఫోటోలో శాసనం మీది అక్షరాలు చదవడం కష్టం’ అనడం మేలు. ఇద్దరి మధ్య తెగకపోతే, ఆ సమూహం అంతా కలిసే చర్చా వేదికలో, తెలుగు వికీపీడియాలోనైతే రచ్చబండలో, మూడో మనిషి అభిప్రాయం కోరవచ్చు. అక్కడ మెజారిటీ మీ ఫోటోకు వ్యతిరేకంగా ఉంటే అంతటితో వదిలేయాలి. ఆరు నెలలు ఆగి, ఎవరూ చూడని రాత్రివేళ మళ్ళీ మార్చేవారూ లేకపోలేదు. పేజీ చరిత్రలో అది సమయంతో సహా నమోదవుతుంది.

తొమ్మిదో అడుగు: పేజీ నుంచి వెళ్ళిన ఫోటో

పేజీలోంచి తీసిన ఫోటోను తొలగింపుకు ప్రతిపాదించకూడదు. ఎక్కడా వాడుకలో లేకపోవడం కామన్స్‌లో తొలగింపుకు కారణం కాదు. విద్యాపరంగా ఉపయోగపడే అవకాశం ఉంటే చాలు. ఒకే కట్టడానికి వంద ఫోటోలు ఉండటం చరిత్రకారుడికి వరం. వాటిలో వెనకాల ఉన్న దుకాణం, కొట్టేసిన చెట్టు, మారిపోయిన రహదారి రేపు ఎవరికి ఏ సాక్ష్యమవుతాయో ఇవాళ చెప్పలేం. మీరు చేయగలిగిన మేలు ఏమిటంటే, తీసిన ఫోటోకు సరైన వర్గం, తేదీ, వివరణ ఉన్నాయో లేదో చూసి, లేకపోతే చేర్చడం. పేజీలో చోటు పోయినా వెతికేవారికి అది దొరుకుతుంది.

దీనికి ఒకే ఒక్క పెద్ద మినహాయింపు ఉంది: స్వేచ్ఛా లైసెన్సు లేని ఫోటోలు. కొన్ని వికీపీడియాలు అలాంటివాటిని ‘సముచిత వినియోగం’ (కాపీహక్కు ఉన్నా పరిమితంగా వాడుకోవడం) కింద కఠినమైన షరతులతో స్థానికంగా అనుమతిస్తాయి. కామన్స్ అసలే అనుమతించదు. వాటి స్థానంలో పెట్టగలిగే స్వేచ్ఛా ఫోటో దొరికినప్పుడు మార్చవలసిందే, అందానికి అక్కడ ప్రాధాన్యం లేదు. ఆంగ్ల వికీపీడియాలో అలా వాడుక నుంచి తప్పుకున్న ఫైలును 7 రోజుల తరువాత తొలగిస్తారు. కాబట్టి మార్చేముందు కొత్త ఫోటో లైసెన్సు నిజంగా స్వేచ్ఛాయుతమైనదేనా, వాణిజ్య వినియోగాన్ని నిషేధించే రకమా అన్నది రెండుసార్లు సరిచూసుకోవాలి. తొందరపడి పెట్టిన ‘స్వేచ్ఛా’ ఫోటో కాపీహక్కుల ఉల్లంఘనగా తేలి పోయేసరికి పాతదీ పోయి ఉంటుంది, పేజీ బోసిగా మిగులుతుంది. పాతదాన్ని నిర్వాహకులను అడిగి పునఃస్థాపించుకోవలసి వస్తుంది.

జీవించి ఉన్నవారి ఫోటోల విషయంలో

అందం, కొత్తదనం మాత్రమే చూడకుండా, ఆ మనిషిని అది న్యాయంగా చూపుతోందా అని చూడాలి. మాట మధ్యలో నోరు తెరిచి ఉన్న క్షణం, రెప్ప వాలిన క్షణం ఎంత స్పష్టంగా ఉన్నా మొదటి ఫోటోగా తగవు. రాజకీయ నాయకుల వ్యాసాల్లో అభిమానులు పొగడ్త ఫోటోను, ప్రత్యర్థులు వెక్కిరింపు ఫోటోను పెట్టడానికి ప్రయత్నిస్తారు. రెండూ ఒకే రకమైన తప్పు. ఆ వ్యక్తి లేదా వారి తరఫువారే వచ్చి తమకు నచ్చిన ఫోటోను పెట్టమని కోరితే చికాకు పడకుండా, ఫోటో తీసినవారి నుంచి స్వేచ్ఛా లైసెన్సు ఇప్పించమని చెప్పాలి. ఫోటోలో ఉన్నవారికి సాధారణంగా ఆ ఫోటో మీద కాపీహక్కు ఉండదని, అది తీసినవారిదని చాలామందికి తెలియదు.

మీ ఫోటోనే మార్చినప్పుడు

ఎప్పుడో ఒకరోజు ఇది జరుగుతుంది. వీక్షణ జాబితాలో పేజీ పేరు కనిపిస్తుంది, తెరిస్తే మీ ఫోటో ఉండదు. వెంటనే రద్దు చేయి మీద వేలు వేయకుండా, ఒక రోజు ఆగి, పైన చెప్పిన పోలికను మళ్ళీ మొదటి నుంచి చేయాలి, ఈసారి అవతలివారి వైపు నుంచి. కొత్త ఫోటోలో పేజీకి అవసరమైనదేదైనా తప్పిపోయి ఉంటే, ఆ సంగతిని మాత్రమే చర్చా పేజీలో చెప్పండి. తప్పిపోయినదేమీ లేకపోతే, వారికి ధన్యవాదాలు తెలిపే చిన్న మీట పేజీ చరిత్రలో ఆ మార్పు పక్కనే ఉంటుంది, దాన్ని నొక్కండి. గడియార స్తంభం పేజీలో ఇప్పుడున్న ఫోటో నాదీ కాదు, ఆ మెట్ల ఫోటో తీసినవారిదీ కాదు. మూడో వాడుకరి ఎవరో కాస్త దూరంగా, కాస్త ఎడమగా నిలబడి, మెట్లనూ గడియారాన్నీ కలిపి ఒకే ఫ్రేములో పట్టుకున్నారు. మెట్ల ఫోటో కింది విభాగంలో ఉంది. నా సాయంకాలపు ఫోటో ఏ పేజీలోనూ లేదు, కామన్స్ వర్గంలో తేదీతో సహా ఉంది.